దాటేసిన కాయితాలు

అదేటప్పా, అంత మాటనీసినావు! నాను కాయితాలు దాటేసి సదువుతన్నానా? ఈ ఎల్లాజీగాడు నీకాడ దొంగాటలాడతన్నాడా?

నెల్లాళ్ళ నుంచీ మిట్టమజ్జాన్నం ఎండలో నెత్తిమీద తువ్వాలేసుకుని నీ అరుగు మీదికొచ్చి కూకుని, గొంతారిపోయేటట్టు సదువుతన్నాను. ఏనాడైనా ఒక గళాసు మజ్జిగ పోసినావా? పోసినావులే. ఒప్పుకోవాల. రోజూ పోసినావు. కానీ దొంగంటావేటి?

సప్పుడా? కాయితం సప్పుడేటి?

ఓలమ్మా! కళ్ళకి పొరలొచ్చి మనిసి ముకం ఆనదు గానీ సెవులు మాత్రం పిల్లి సెవులు నీవి. ఒక్క కాయితం తిప్పితే ఒక సప్పుడు, కట్టగా తిప్పితే ఇంకో సప్పుడొస్తాదా? నిన్న మజ్జాన్నం ఇనబడ్డాది కట్ట సప్పుడా? సేతులు వల అల్లతన్నాయి, సెవులు నా ఏళ్ళకి కాపలా కాస్తన్నాయన్నమాట.

గుమ్మడికాయ దొంగంటే బుజాలు తడుముకున్నాడు అనుకుంటావేమో. తడుముకోను. దాటేసినాను. ఏటిప్పుడు? పుస్తకమన్నాక దాటేసేవి ఉంటాయి. సేప తెచ్చుకుంటే పొలుసూ పేగులూ కూడా తింటామేటి?

అది పదకొండో అద్దేయం. పదమూడు కాయితాలు. అందులో ఏటీ నేదప్పా. ఉత్తి వర్నన. సంద్రం ఎలగుంటాదో రాసినాది రాసినాయమ్మ. సంద్రం ఎలగుంటాదో నీకూ నాకూ జపానోలు సెప్పాలేటి?

అలగ మూతి ముడవకు. సెప్తాను. ముందు నన్ను కుదురుగా కూకోనీ.

అసలు ఈ పుస్తకం నాను కోరి తెచ్చుకున్నాది కాదు. మా అనూరాధకి కాలేజీలో ఏదో వ్యాసం రాస్తే ప్రైజిచ్చినారు. నా కూతురు స్టీలుగిన్నె తెస్తాదనుకుంటే పుస్తకం తెచ్చినాది. జపానోల నవల, ఈమద్దినే రాసినదంట, ఎవలో మాస్టారు తెలుగులోకి మార్సినాడు. ఏట నిసేదం రోజులు కదా, పడవ ఒడ్డుకి లాగీసి కాళ్ళు బారజాపుకుని కూకున్నాను. "నాన్నా, ఇందులోనూ సంద్రమే ఉన్నాది, సదువు" అన్నాది. ఆ బొట్టికేటి తెల్సు? నాను హాస్టల్లో పదో తరగతి దాకా సదివినోడిని, పాటం పుస్తకం తప్ప ఏదీ ముట్టుకోనోడిని. పోన్లే అని పట్టుకున్నాను.

మొదటి యాబై పేజీలకీ నాకు తిట్లే వొచ్చినాయి. నీకు తెల్సిన కతే గానీ మల్లీ ఇను. ఒక ముసిలమ్మ ఉంటాది. బేరిపండు తొక్క తీస్తాది. తెగకుండా ఒకటే తీగలాగ తీస్తాది, అదొక గొప్ప. ఆవిడ కొడుకు ఒకనాడు సావాసగాడితో కలిసి పడవెక్కి ఏటకెల్తాడు. సావాసగాడికి సైకిలు షాపు. సైకిలోడు తిరిగొస్తాడు, కొడుకు రాడు. నాను తుపానేదో వస్తాదనుకున్నాను, సునామీ వస్తాదనుకున్నాను. జపాను కదా. ఏటీ రానేదు. మామూలు పొద్దు, మామూలు కెరటం.

ఆ తరవాత ఏటి జరుగుతాది? వారం వారం ఆదారమొస్తే సైకిలోడు ముసిలమ్మింటికి వస్తాడు. సెప్పులు గుమ్మంలో ఇప్పి, బయటికి తిరిగుండేటట్టు సర్ది పెడతాడు. ఆవిడ బేరిపండు కోసి పెడతాది. "వాన వచ్చేటట్టున్నాది" అంటాది. "అలగే ఉన్నాది" అంటాడు. తినీసి ఎల్లిపోతాడు. మల్లీ ఆదారం. మల్లీ బేరిపండు. ఒకనాడు పిల్లి గురించి రెండు పేజీలు మాటాడుకున్నారు. పిల్లి గురించి!

ఒసే ముసిల్దానా, నా కొడుకేడ్రా అని జుట్టట్టుకుని అడగవే! ఒరే సైకిలోడా, సెప్పి సావరా! అని నాను పుస్తకం మీద అరుస్తుంటే మా ఆడది బయటికొచ్చి ఎవలితో దెబ్బలాట అని అడిగినాది.

మన ఊళ్ళో ఎవలి నోట్లోనైనా నువ్వుగింజ నానతాదా అప్పా? మనిసి తిరిగి రాకపోతే ఆడోలు ఒడ్డంతా ఒకటి సేసేస్తారు. సంద్రాన్ని తిడతారు. ఊరి దేవతని తిడతారు. కూడా ఎల్లినోడి ఏడు తరాలూ తవ్వుతారు.

నువ్వు తిట్టనేదు నన్ను.

కార్తీకంలో ఆ పొద్దు నానొక్కడినే పడవ ఒడ్డుకి తెస్తే, ఊరంతా నా మీద పడిపోతే, నువ్వు జనాన్ని తోసుకుంటా వొచ్చి నా తల తుడిసినావు. "ఒణికిపోతన్నాడు, ముందు ఆడికి పొడిబట్ట ఇయ్యండి" అన్నావు. పెదనాన్న కూతురివి, మా అమ్మ పోయినాక నన్ను సాకినదానివి, అలగే అంటావు. నీ కొడుకు రాని పూట కూడా అలగే అన్నావు. ఆ బట్ట నాకాడ ఇంకా ఉన్నాది. కట్టుకోనేదు.

సరే, అది అలగుండనీ.

ఇంకోటున్నాది ఆ పుస్తకంలో. సచ్చినోలు వస్తారు. ఆ కాయితాలు నీకు సదివినాను, గుర్తున్నాదా? నువ్వు సూది ఆపి "మల్లీ సదువు" అన్నావు.

మనకాడ దెయ్యమంటే ఏపమండలు, నిమ్మకాయలు, సెప్పుదెబ్బలు. ఎవలి కోడలి మీదనో ఎక్కుతాది, సీరలడుగుతాది, కోడినడుగుతాది. ఆల్లకాడ అలగ కాదు. తడికాళ్ళతోటి వస్తాడు. ఒక పక్కన కూకుంటాడు. ఇంట్లోవోలు "వొచ్చినావా" అని ఒక గిన్నెలో టీ పోసి ముందర పెడతారు. ఆడు తాగడు. టీ సల్లారిపోతాది. ఎల్లిపోతాడు. ఒక్కలూ అరవరు. అది సదివినాక నాకు ఎన్నడూ నేని బయం పట్టుకున్నాది. అరిసే దెయ్యాన్నైతే మనమూ అరిసి తరమొచ్చు. ఊరికే కూకునేదాన్ని ఏటి సేస్తాం?

నా పడవలో ముందర అడ్డపలక ఉన్నాది కదా, నీ కొడుకు ధనరాజు కూకునేది. పొద్దున్న ఎల్లి సూస్తే తడిగా ఉంటన్నాది. ఉప్పుగాలి సెమ్మ అది. ముప్పై ఏళ్ళుగా సూస్తన్నాను, నాకు తెల్దా? పడవంతా అలగే సెమ్మగా ఉంటాది. కానీ తక్కిన పలకలు తువ్వాలెట్టి తుడుస్తాను, ఆ ఒక్కదాని మీదికి సెయ్యి పోదు. నిల్సునే పని సేసుకుంటన్నాను. మన పడవ జోగయ్య ఎకసెక్కాలాడతాడు, "ఏటి మావా, ఆ సీటు ఎవలికి రిజర్వేసను సేసినావు" అని. ఆడికి తెలక అంటాడు.

ఇంకా సెప్తాను, నవ్వుకో. ఆ సైకిలోడు సచ్చిపోయినోడి సైకిలు నెలకోసారి ఇప్పి, గొలుసుకి నూనేసి, మల్లీ బిగిస్తాడు. ఎక్కేవోడు నేడు. అయినా సేస్తాడు. అది సదివి, ఏటి పిచ్చిరా నీది అని నవ్వినాను. మర్నాడు పొద్దున్న ధనరాజు బండి తాళం నా సేతిలో ఉన్నాది. మీ పెరటి ఎనకాల రోజూ పొద్దున్నే బండి స్టార్టయ్యి ఒక నిమిసం తిరిగి ఆగిపోతన్నాదే, అది జోగయ్య అనుకుంటన్నావు కదా? నానే. బేటరీ పోతాదని. ఆడొచ్చినాక తిడతాడని.

సూసినావా? నాను కూడా ఆడొస్తాడన్నట్టే మాటాడతన్నాను. నిన్నేటి అనాల!

కూర్మయ్య పెద్దాయన నన్ను నీకాడికి ఎందుకు పంపినాడో నీకు తెల్సు. "మీ అప్ప దానమ్మ నీ మాటింటాదిరా ఎల్లాజీ, ఎల్లి నచ్చజెప్పు. ఆరు నెలలైనాది. మనిసి దొరక్కపోతే దర్బగడ్డితో బొమ్మ కట్టి ఆ బొమ్మకి నిప్పెట్టాల. నేకపోతే గుంటడు అటూ ఇటూ కాకుండా ఒడ్డమ్మట తిరుగుతా ఉంటాడు, దాహం దాహమని" అన్నాడు. ఇప్పుడు ఈ వొచ్చే సోమారం మంచిదని కూడా సూసి పెట్టినాడు.

నువ్వేటన్నావు? ఊరి పెద్దలందరూ నీ గుమ్మంలో నిల్సునుంటే, "నా కొడుకు పోడం కళ్ళారా సూసినోడు ఒక్కడొచ్చి నా ముందర సెప్పమను, బొమ్మకి గడ్డి నానే కోసిస్తాను" అన్నావు. "సూసినోడు నేడు కదా? ఏ ఒరిస్సా బోటోలో ఎత్తుకునుంటారు. ఏ గోపాల్‌పూర్‌లోనో ఉన్నాడు. ఆడొచ్చేసరికి వలుండాల" అని కొత్త వల ఎత్తుకున్నావు. కళ్ళు ఆనకపోయినా సేతి గురుతుతోటే అల్లతన్నావు.

అందరూ నాకేసి సూసినారు. నాను నేలకేసి సూసినాను.

అప్పుడు నా బుర్రకో తెలివొచ్చినాది. ఈ పుస్తకం సదివి ఇనిపిస్తే నీ మనసు మెత్తబడతాదని. ఆ ముసిలమ్మ తన కొడుకు రాడని ఒప్పుకుంటాది, అది ఇని నువ్వూ ఒప్పుకుంటావని. ఏ తెలివి! ఎద్దు ఈనినాదంటే గాటికి కట్టమన్నట్టు. నువ్వు ఆ ముసిలమ్మతో సావాసం కట్టీసినావు. "ఇయ్యాల ఏటి సేసినాది అది?" అని నాకంటే ముందరే అడుగుతావు. "అన్ని పళ్ళు ఒక్కదే ఏటి తింటాది, సంతకి పట్టుకెల్లొచ్చు కదా" అన్నావు ఒకనాడు. "దానికి కోడలు నేదేటి, కూతుర్లు నేరేటి, ఏటి ఊరది" అన్నావు ఇంకోనాడు.

మొన్న మంగలారం ఏటన్నావో గుర్తున్నాదా? "ఆ సైకిలోడు ఏదో దాసినాడు. తిండి తినేవోడు తల దించుకుని తింటే ఏదో ఉన్నట్టే" అన్నావు.

నా సేతిలోంచి పుస్తకం జారిపోనాది. గాలికి అన్నాను. ఆకు కదలనేదు ఆ ఏల.

అప్పా, నాను ఈ పుస్తకం నీకు సదవకముందే ఆకరిదాకా సదివీసినాను. మూడుసార్లు. ఎందుకో తెల్సా? కతకోసం కాదు. ఆ సైకిలోడు ఆవిడికి ఎలగ సెప్తాడో సూద్దామని. ఏ మాట ముందరంటాడు, ఏ మాట ఎనకాలంటాడు, ఆవిడ ముకంలోకి సూస్తాడా, సేతులెక్కడ పెట్టుకుంటాడు. నేర్సుకుందామని. ఊళ్ళో ఎవల్ని అడగ్గలను ఇలగాంటిది? దూరాన ఎవలో, నా గురించి తెలీనాయమ్మ రాసినాది, సెప్తాది కదా అనుకున్నాను.

రెండొందల డెబ్బై పేజీలప్పా. ఆకరి ఆదారం వస్తాది. మంచు పడతా ఉంటాది. సైకిలోడు వస్తాడు. ఇప్పుడు సెప్తాడు, ఇప్పుడు సెప్తాడు అని గబగబా కాయితాలు తిప్పతన్నాను. ముసిలమ్మ పండు కోసి పెడతాది. "ఈ ఏడు పళ్ళు తియ్యగున్నాయి" అంటాది. "తియ్యగున్నాయి" అంటాడు. సమాప్తం.

నీకు ఆకరి కాయితాలు ఇంకా సదవనేదు కదా. ఇదే, సెప్పీసినాను. ఆడు సెప్పడు. సచ్చినా సెప్పడు.

పుస్తకం గోడకేసి కొట్టినాను. అట్ట ఊడిపోనాది, అనూరాధ గమ్మెట్టి అతికించినాది. దాన్నే అడిగినాను, ఏటే ఇది, కొసకి తెచ్చి నీళ్ళలో తోసీసినాది అని. "ఆవిడికి తెల్సు నాన్నా. ఆవిడికి తెల్సని ఆడికీ తెల్సు. సెప్పకపోడమే ఆ నవల" అన్నాది. సదువుకున్నాది, దాని మాట దానిది. ఒక రోజల్లా నాను కూడా అదే పట్టుకుని సంబరపడినాను. సెప్పక్కర్నేదన్నమాట! మజ్జిగ తాగి, తల దించుకుని, వాన వస్తాదేమో అనుకుంటా బతికీయొచ్చన్నమాట!

మరి ఆ కొడుకు సంగతేటే, అని అడిగినాను దాన్ని. ఈల్లిద్దరూ పళ్ళు తింటా కూకుంటే ఆడు తడికాళ్ళతో ఎన్నాళ్ళు తిరుగుతాడే?

మన ధనరాజు తిరుగుతన్నాడప్పా. బొమ్మ కట్టనిస్తే గానీ ఆడికి దారి నేదు. సూసినోడు సెప్తే గానీ నువ్వు కట్టనియ్యవు.

పదకొండో అద్దేయం అడిగినావు కదా. సెప్తాను. సూది ఆపకు. అల్లతా ఇను.

అందులో ముసిలమ్మ నేదు, సైకిలోడు నేడు. కొడుకే మాటాడతాడు. అవును, సచ్చినోడే. నీళ్ళడుగునుంచి. "ఇక్కడ సలి నేదు" అంటాడు. "ఎలుగు పైనుంచి పచ్చగా దిగుతాది" అంటాడు. ఆకరికి ఏటి జరిగినాదో అంతా సెప్తాడు, సైకిలోడు ఏటి సేసినాడో, ఏటి సెయ్యనేదో. సెప్పి, "నాకు నీమీద కోపం నేదు. సైకిళ్ళు బాగుసేసుకుంటా బతుకు" అంటాడు. అంత బాగ రాసినాదప్పా రాసినాయమ్మ. నాను గుంటడినాగ ఏడిసినాను.

మొదటిసారి సదివినప్పుడు పేజీ మజ్జిలో "మావా" అని ఇనబడినాది. ఆగిపోనాను. ఏలెట్టి వరసమ్మట ఎతికినాను. ఆ మాట అక్కడ నేదు. జపానోడు మావా అని ఎందుకంటాడు? మల్లీ సదివినాను. మల్లీ అక్కడే ఇనబడినాది.

నిన్న అది నీకు సదవాల. కాయితం తిప్పినాను, మొదటి వరస సూసినాను, మిగిలినదంతా కట్టగా తిప్పీసినాను. నాను అది సదివితే ఏటైనట్టో ఆలోసించు. నీ కొడుకు గొంతు నాను అరువు తెచ్చుకుని, నా నోటితోటి, నాకు నానే "కోపం నేదు మావా" అని సెప్పుకున్నట్టు. నువ్వు ఇంటావు. కళ్ళొత్తుకుంటావు. నాను తేలికైపోయి ఇంటికెల్లి కడుపునిండా తింటాను. అంత దొంగతనం సెయ్యనేనప్పా. దానికంటే పదమూడు కాయితాలు దాటేడమే సిన్న దొంగతనం.

ఆపీసినావు. సూది ఆపీసినావు.

ఊళ్ళో నాను ఏటి సెప్పినాను? కెరటమొచ్చినాది, ఎనక్కి తిరిగి సూసేసరికి మనిసి నేడు అని. పోలీసోలకీ అదే, కూర్మయ్యకీ అదే, నీకూ అదే.

కెరటమొచ్చిన మాట నిజం. తిరిగి సూసేసరికి మనిసి ఉన్నాడప్పా.

ఆయాల జోగయ్య జొరమని రానేదు, ఇద్దరమే. తెల్లారి ఎలుగొచ్చీసినాది. వల సగం లాగినాం. గాలి మారినాది. పడవ ఒరిగినాది, ఆడు పడిపోనాడు. పడితే ఏటి, ఈత రానోడా? వల పైతాడు ఆడి నడుంకి మెలిపడిపోనాది. కింద వల బరువు, సేప బరువు, సీసపు గుళ్ళ బరువు, అన్నీ ఆడి నడుం పట్టుకుని లాగతన్నాయి. ఆడి సెయ్యి నా ఎడం సేతిలో ఉన్నాది. గట్టిగా ఉన్నాది. నా కుడిసెయ్యి కాళీ. కత్తి నా మొలలో ఉన్నాది.

తాడు కోసీస్తే మనిసి ఇటు, వల అటు. ఎవలైనా అదే సేస్తారు. సంద్రంలో పుట్టిన గుంటడికి కూడా తెల్సు.

మిషను వలైతే కోసీసేవోడినప్పా. ఒక్క రెప్పపాటు ఆలోసించేవోడిని కాదు. ఒట్టు.

అది నీ వల. మన ఒడ్డుమీద సేత్తో అల్లిన వల ఇంకెవలికాడ ఉన్నాది? నాలుగు నెలలు అల్లినావు. నీ కంటిసూపు దానికే పెట్టీసినావు, అదయ్యాక నీకు సూది కన్నం కనబడ్డం మానీసినాది. ఒక్క ముడి, ఒకే ఒక్క ముడి ఇప్పితే తాడు సడలతాది, గుంటడూ దక్కుతాడు, వలా దక్కుతాది అనుకున్నాను. వలోలం కదా మనం. సేతికి ముడి తగిల్తే ఏళ్ళు వాటంతటవే ఇప్పడానికి ఎల్తాయి. కొయ్యడానికి ఎల్లవు.

నీ ముడి ఇడదప్పా. పంటితో పట్టి బిగిస్తావు నువ్వు.

మొదటి కెరటానికి ముడికింద గోరు దూర్సినాను. రెండో కెరటానికి గోరూడిపోనాది. ఇదిగో ఈ ఏలు, తడిమి సూడు, ఇంకా సరిగ్గా మొలవనేదు. మూడోదానికి కత్తి తీసి కోసినాను. కోసినాను, కోసినాను. తాడు తెగినాది. అప్పటికి నా ఎడం సేతిలో సెయ్యి నేదు. ఎప్పుడు పోనాదో కూడా తెల్దు. నాను ముడికేసి సూస్తన్నాను కదా.

ఎందుకు సెప్పనేదంటావా? బయమేసినాది. అబద్దమెందుకు, సగం అదే. రెండో సగం, ఇది సెప్తే ముడి మాట సెప్పాల. ముడి మాట సెప్తే నువ్వు మల్లీ సూది పట్టుకోవు, బతికినన్నాళ్ళూ నీ సేతులు సూసుకుని ఏడుస్తావు. తప్పు నీ సేతులది కాదు, నా సేతులదే. కానీ ఆ మాట నాను సెప్తే నీకు ఎక్కుతాదా? ఈ నెల్లాళ్ళూ నీ ఎదర కూకుని, నువ్వు అదే ముడి అలగే పంటితో బిగిస్తా ఉంటే సూస్తా సదివినాను. ఏ వరసలో ఉన్నానో కూడా తెలిసేది కాదు. అక్కడక్కడ నోటికొచ్చింది కల్పించీసినాను. పిల్లి సచ్చిపోనాదని సెప్పినాను కదా, పుస్తకంలో పిల్లి సావదు.

సూసినోడు ఒకడున్నాడు. నానే. నీ ముందర సెప్పినాను.

సోమారానికి ఏటి సేస్తావో నీ ఇష్టం. కూర్మయ్యకి ఇప్పుడే ఎల్లి ఇదంతా సెప్తాను, పోలీసోలకి సెప్పమంటే సెప్తాను. నన్ను ఈ అరుగెక్కొద్దంటే ఎక్కను.

ఏటి? ఇనబడనేదు, మల్లీ అను.

ఆడా? ఆకరిని ఆడేటన్నాడా?

అప్పా, అది అడక్కు.

పుస్తకంలోనైతే కోపం నేదంటాడు. నాను నీకు అలగాంటిదొకటి సెప్పొచ్చు. "అమ్మని సూసుకో మావా" అన్నాడని సెప్పొచ్చు. నువ్వు నమ్ముతావు. ఊరూ నమ్ముతాది. ఈ ఏడు నెలల్లో ఆ మాట నాను ఎన్నిసార్లు కట్టుకున్నానో, ఒక్కోసారి నాకే నిజమనిపిస్తాది.

అలగ అన్నేదప్పా.

"కొయ్యి మావా" అన్నాడు. నోట్లోకి నీళ్ళు పోతన్నాయి, ఉమ్మీసి మల్లీ అన్నాడు. "కొయ్యి మావా, కొయ్యి."

నాను ముడిప్పుతా ఏటన్నానో తెల్సా? నవ్వుతానే అన్నాను, గుంటడు బయపడకుండా ఉంటాడని. "ఆగరా, కోస్తే మీ అమ్మ తిడతాది" అన్నాను.

ఆడు ఇన్న ఆకరి మాట అది.